మూరెడు సందు

మా తమ్ముడికి ఒంట్లో బాగోలేదంటే చూసి రావడానికి పోయిన నెల భావనపాడు వెళ్ళాను. వాడి కొడుకు గోవిందు సముద్రం ఒడ్డుకి కాస్త ఇవతల రేకుల షెడ్డు వేసుకుని ఫైబరు పడవలు బాగుచేస్తాడు. మధ్యాహ్నం ఏమీ తోచక వెళ్ళి అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అడుగున జానెడు పగులుతో ఒక పడవ బోర్లా పడి ఉంది. గోవిందు దగ్గర గ్రైండర్లు రెండున్నాయి. పెద్దది పక్కన పెట్టేసి చిన్నది తీసుకున్నాడు. పెద్దదానికి జోరెక్కువ, చెయ్యి ఒక్క క్షణం ఆగితే పగులుతోపాటు మంచి ఒళ్ళు కూడా తినేస్తుందట. చిన్నదానికి గరుకు బిళ్ళ బిగించి, పగులు చుట్టూ బెత్తెడు మేర పల్లంగా కోసుకొచ్చాడు. తెల్లటి దుమ్ము లేచింది. ముక్కుకి గుడ్డ కట్టుకోమని నాకూ ఒకటిచ్చాడు. పడవ ఆసామి తొందరమీదున్నాడు. అంత కోత ఎందుకు, పైన పుట్టీ రాసేసి రంగు కొట్టేయమంటాడు, మర్నాడు వేటకి వెళ్ళాలంటాడు. గోవిందు గ్రైండరు ఆపి, ముఖం మీద గుడ్డ కిందికి లాక్కుని, నెమ్మదిగా చెప్పాడు. "పుట్టీ కారుకి పనికొస్తాది బావా. నీటిలో ఉండీదానికి కాదు. అది నీళ్ళు పీలుస్తాది. పైకి నున్నగానే ఉంటాది, లోన ఉబ్బిపోతాది. నాను గాజునార పరిచి, రెజిన్ పోసి కడతాను. రెండ్రోజులు ఆగు."

ఆ మాట విన్నాక నా చేతిలో టీ నేను తాగలేకపోయాను. గ్లాసు కింద పెట్టేశాను.  పైకి నున్నగానే ఉంటాది, లోన ఉబ్బిపోతాది. డెబ్భై దాటిన మనిషిని, బడిపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయిన దాన్ని, అప్పటి పద్దెనిమిదేళ్ళ పిల్లలా ఆ కుర్చీలో వణికాను. ఏమైందత్తా అని గోవిందు అడిగాడు. రెజిన్ వాసన పడలేదని చెప్పాను. ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి అది. ఇప్పుడు రాస్తున్నాను.

మా అయ్యని లచ్చయ్య మేస్త్రీ అనేవారు. కొత్త పడవ కట్టడం ఎవరైనా కడతారు, పాతపడవని మళ్ళీ నీళ్ళలో నిలబెట్టాలంటే లచ్చయ్యే అనేవారు ఆ చుట్టుపక్కల. అప్పుడన్నీ చెక్క పడవలే. పలకకీ పలకకీ మధ్య సందులో గోగునార తాడులా పేని, నూనెలో ముంచి, మొద్దు ఉలి పెట్టి కొయ్యసుత్తితో దట్టించాలి. దానిమీద కానుగనూనెలో కాచిన గుగ్గిలం వేడివేడిగా పోసి పామాలి. అదే పడవకి ప్రాణం. అమ్మ చిన్నప్పుడే పోయింది. మామ్మ, నేను, తమ్ముడు, అయ్య. మామ్మ తెల్లారి లేచి చోడంబలి కాచి, తను మాత్రం అది ముట్టకుండా అరుగుమీద కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని, ఆ నోటితోనే మమ్మల్ని తిట్టేది, నిప్పు ఎప్పుడూ ఆమెని కాల్చలేదు. నార పేనడం ఆమె నేర్పింది నాకు. మోకాలి మీద అరచేత్తో దొర్లిస్తూ పేనాలి, పురి వదులైతే తల మీద మొట్టేది. మా ఇంట్లో అన్నం వాసనకంటే గుగ్గిలం పొగ వాసనే ఎక్కువ. బట్టలకి, జుట్టుకి, కుండలో నీళ్ళకి కూడా ఆ వాసనే. ఆ తరవాత నేను టీచరు చదువుకి పట్నం వెళ్ళినప్పుడు హాస్టల్లో పిల్లలు నా పెట్టె తెరిస్తే గుడి వాసనొస్తోందనేవారు.

అయ్యకి చూపు తగ్గుతోందని నాకు తెలుసు. ఎప్పటినుంచి అంటే చెప్పలేను. ఉలి ఉన్నచోట కాకుండా ఇంకోచోట చెయ్యి వెతికేది. ఎవరైనా పలకరిస్తే గొంతు విన్నాకగాని నవ్వేవాడు కాదు. ఒకరోజు మామ్మతో ఆ సంగతి అన్నాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసి నన్ను తేరిపార చూసింది. మీ అయ్యకి కళ్ళు బాగానే ఉన్నాయి, నీ నోరే బాగోలేదు, ఇంకోసారి ఆ మాట ఈ గుమ్మం దాటితే చంపేస్తానంది. ఆమె భయం నాకప్పుడు అర్థం కాలేదు. మేస్త్రీకి చూపు లేదని తెలిస్తే పడవ ఎవరిస్తారు? అయ్య చేతి పని మీదే మా నాలుగు నోళ్ళు బతికేవి. అప్పటినుంచి నేను అయ్య పనిచేసే చోటల్లా తిరిగేదాన్ని. ఉలి అందించేదాన్ని. సందు ఎంత మేర దట్టించాడో, ఎక్కడ వదులుందో, మాటల్లో మాటగా చెప్పేదాన్ని. కూతురు తండ్రికి సాయం చేస్తోందని ఊరు అనుకునేది.

ఆ సంవత్సరం కొండల మీద నక్సలైట్ల గొడవలు. రోడ్డు మీద జీపులు తిరిగేవి. ఫలానా ఊళ్ళో ఫలానా వాణ్ణి పట్టుకెళ్ళారని చెప్పుకునేవారు గాని, గట్టిగా ఎవరూ చెప్పుకునేవారు కాదు. కొండవాళ్ళు సంతలకి దిగడం మానేశారు. ఏటా తట్టల్లో గుగ్గిలం తెచ్చి మా అరుగుమీదే పోసి ఉప్పు, ఎండు నెత్తళ్ళు పట్టుకెళ్ళే ముసలాయన రాలేదు. వేట మొదలయ్యే రోజులు దగ్గరపడ్డాయి. గురుమూర్తి పడవ మా చేతిలో ఉంది. ఐదుగురు వెళ్ళే పడవ. ఆ ఐదుగురిలో ఒకడు మా రామ్మూర్తి బావ, మేనమామ కొడుకు. ఆ ఏటి వేట ముగిశాక మా ఇద్దరికీ పెళ్ళి చెయ్యాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. అది నాకు చెప్పలేదు గాని నేను విన్నాను.

ఇంట్లో పాత గుగ్గిలం కాస్తే మిగిలింది. టెక్కలిలో ఒక దుకాణంలో దొరుకుతుందని ఎవరో అంటే అయ్యా నేనూ బస్సెక్కి వెళ్ళాం. దారిలో రెండుచోట్ల బస్సు ఆపి మనుషుల్ని దింపి చూశారు. అయ్య సంచిలో ఉలి ఉంటే అదెందుకని అడిగారు. అయ్య తడబడ్డాడు, నేను చెప్పాను.  దుకాణంలో వర్తకుడు ఒక గడ్డ తీసి అయ్య చేతిలో పెట్టాడు. అయ్య వాసన చూసి, చిన్న ముక్క కొరికాడు. మంచి గుగ్గిలం పళ్ళ మధ్య పొడయి మళ్ళీ ముద్దకడుతుంది. బాగుందన్నాడు. తరవాత బస్తా వైపు ముఖం తిప్పి, అన్నీ ఇలాగే ఉన్నాయేమో చూడమని నాతో అన్నాడు. నేను చెయ్యి పెట్టి తిరగేశాను. పైన నాలుగు గడ్డలు తేనెరంగులో ఉన్నాయి. కింద ఉన్నవి సుద్దలా తెల్లగా, దుమ్ముగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా వర్తకుడు నవ్వాడు. "మేస్త్రీ కళ్ళు కూతురికిచ్చీసినాడేటి?" దుకాణంలో ఉన్న నలుగురూ అటు తిరిగారు. వాళ్ళలో మా వైపు మనిషి ఒకడున్నాడు. అయ్య ముఖంలో రక్తం లేదు. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయయ్యా," అన్నాను.

ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందని? దాని కింద ఐదుగురు మనుషులున్నారని నాకు తిరిగొచ్చే బస్సులోగాని తట్టలేదు. తట్టినా అయ్యకి చెప్పలేదు. ఊరు వచ్చేదాకా ఆయన కిటికీ పక్కన బస్తా మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొయ్యి మీద కాచినప్పుడే తేలిపోయింది. గుగ్గిలం కరగాల్సినట్టు కరగలేదు. నురగ కట్టింది, అడుగున బురదలాంటిది దిగింది. వాసన కూడా గుడి వాసన కాదు, కాలిన ఎముక వాసన. మామ్మ అరుగుమీంచి ముక్కు ఎగరేసి చూసింది. అయ్య పొయ్యి దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. పాత గుగ్గిలం వేరే కుండలో కాచి అడుగు సందులన్నిటికీ అదే వాడదాం, ఈ కొత్తది నీళ్ళు తగలని పై సందులకి పోసేద్దాం అని మాత్రం అన్నాడు. ఆ మాటతో నాకు ఊపిరొచ్చింది. రెండు కుండలు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాం. అయ్య నార దట్టించేవాడు, సుత్తి చప్పుడు బట్టి ఎక్కడ గట్టిపడిందో చెప్పేవాడు, నేను కొబ్బరిచిప్పతో పోసేదాన్ని.

వెనక మూల, ఎడంవైపు, సరిగ్గా నీళ్ళు తగిలేచోట మూరెడు సందు ఇంకా ఉందనగా పాతకుండ ఖాళీ అయిపోయింది. గరిటెతో గీకాను. ఏమీ లేదు. గురుమూర్తి పక్కనే నిలబడి ఉన్నాడు. తెల్లారి దించాలి, మిగతా పడవలు అప్పుడే రెండు వేటలు వెళ్ళి వచ్చేశాయి, మరెంతసేపు అని అప్పటికి మూడోసారి అడిగాడు. ఆగమంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే కల్తీ సరుకు చూసి తెచ్చుకోలేదా అంటాడు. ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నేను రెండో కుండలో చిప్ప ముంచి ఆ మూరెడు సందులో పోసేశాను. పైన నూనె పామి నున్నగా చేశాను. పాతదానికీ కొత్తదానికీ తేడా కనబడలేదు. తరవాత నూనెకుండ కడగడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అయ్య పడవ వెనకవైపు నిలబడి ఉన్నాడు. అయిపోయిందా అనడిగాడు. అయిపోయిందన్నాను.

తెల్లారి పడవ దిగింది. బావ ఎక్కుతూ నాకేసి చూడలేదు, పెళ్ళి మాటలు నడుస్తున్నవాళ్ళు అందరి ముందూ చూసుకునేవారు కాదు. పొద్దెక్కేసరికి తూర్పుగాలి లేచింది. మధ్యాహ్నానికి తక్కిన పడవలన్నీ వచ్చేశాయి. గురుమూర్తిది రాలేదు. ఎవరో ఉత్తరంగా పోవడం చూశామన్నారు. గాలి అంతకంతకూ పెరిగింది. ఇంట్లో మామ్మ వండింది, ఎవరూ తినలేదు. ఆ రాత్రి సంగతి రాయను. గాలి తాటాకుల్ని పీకుతుంటే ప్రతి చప్పుడుకీ ఆ మూరెడు సందు తెరుచుకుంటున్నట్టే ఉండేది, అంతే.

రెండోరోజు పొద్దున అయ్య అరుగుమీద సుత్తిపిడి చెక్కుతూ కూర్చున్నాడు. అవసరం లేని పని. నేను ఎదురుగా వెళ్ళి కూర్చుని చెప్పేశాను.

"ఎనక మూల సందులో కొత్తదే పోసేనయ్యా. పాతది సాల్లేదు."

ఆయన చెయ్యి ఆగింది. "తెలుసు. నువ్వు కుండ కడగడానికెల్లినప్పుడు ఏలెట్టి సూసేను. ఇసకలాగ తగిలినాది."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వెందుకు సూసుకోనేదు మేస్త్రీ అని గురుమూర్తి అడుగుతాడు. దానికి నా కాడ జవాబు నేదు. మూరెడే కదా అనుకున్నాను."

నేనూ మూరెడే కదా అనుకున్నాను. తండ్రీకూతుళ్ళం ఒకరికొకరం చెప్పుకోకుండా ఒకే మాట అనుకున్నాం. ఆ క్షణంలో నాకు ఆయన మీద కోపం వచ్చింది, వెంటనే జాలి వేసింది, ఆ రెండిటికంటే ముందు భయం వేసింది. అప్పటిదాకా తప్పు నా ఒక్కదానిదే అనుకున్నాను, పెద్దవాళ్ళకి తెలిస్తే ఏదో ఒకటి చేస్తారన్న ఆశ ఎక్కడో ఉండేది. ఇప్పుడు ఆ ఆశ కూడా పోయింది. అయ్య సుత్తి కింద పెట్టి లేచాడు. "పద, నీలమ్మకి సెప్పాల," అన్నాడు. మామ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. పడవ వస్తే చెప్పక్కర్లేదు, రాకపోతే చెప్పినా ఒకటే, ఎందుకు వెళ్ళడం అంది. అయ్య ఆమెని పక్కకి జరిపాడు. ఆయన తల్లి మీద చెయ్యి వెయ్యడం నేను అదొక్కసారే చూశాను. వీధిలోకి దిగాక నా భుజం పట్టుకున్నాడు, గుడ్డివాడు పట్టుకున్నట్టు, దాచుకోకుండా. ఒడ్డుదాకా అలాగే నడిచాం. జనం చూశారు. 

నీలమ్మ గురుమూర్తి భార్య. నలుగురు ఆడవాళ్ళతో ఇసకలో కూర్చుని ఉంది. వాళ్ళందరి మగవాళ్ళూ ఆ పడవలోనే ఉన్నారు, రామ్మూర్తి బావ తల్లి, మా అత్త కూడా వాళ్ళలోనే ఉంది. అయ్య నిలబడే చెప్పాడు. చూపు పోయిందని, సరుకు కల్తీదని, మూరెడు సందు చెడ్డదని తెలిసీ పడవ దించనిచ్చానని. నా పేరు ఎత్తలేదు. నేనే మధ్యలో అందుకుని పోసింది నేనని చెప్పాను. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నీలమ్మ కదల్లేదు. గాలికి జుట్టు ముఖం నిండా పడుతుంటే తీసుకోలేదు.

"ఆళ్ళు బతికొస్తే నీ ఇంటికొచ్చి అడగాల్సింది అడుగుతాను," అంది అయ్యతో. "రాకపోతే నువ్వు నా గుమ్మం తొక్కొద్దు." తరవాత నా వైపు తిరిగింది. "నీకు కళ్ళున్నాయి కదే. ఇక్కడ కూకో. సముద్రం కేసి సూడు."

కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. నీళ్ళు చూసీ చూసీ ప్రతి నురగా తెరచాపలా కనబడేది. నోరు తెరవబోయి మూసుకునేదాన్ని, నేను తప్పు చెబితే ఆ ఆడవాళ్ళు ఏమైపోతారోనని. పొద్దు నెత్తిమీదికొచ్చాక, ఉత్తరం వైపు, ఒడ్డుకి దగ్గరగా, నురగలాగ విరిగిపోనిది ఒకటి కనబడింది. మాయమైంది. మళ్ళీ కనబడింది. అప్పుడు నీలమ్మ భుజం తట్టి వేలు చూపించాను. 

పడవ బాగా కిందికి దిగిపోయి వస్తోంది. తెరచాప సగం చిరిగి ఉంది. లోపల ఇద్దరు వంగి డబ్బాలతో నీళ్ళు తోడి పోస్తున్నారు. ఒడ్డున ఉన్న మగవాళ్ళందరూ నీళ్ళలోకి పరిగెత్తి లాగారు. ఐదుగురూ ఉన్నారు. బావ మాత్రం లేవలేకపోయాడు. వెనక మూల నీళ్ళు చిమ్ముతుంటే తువ్వాలు కుక్కి, అది నిలవకపోతే మడమ పెట్టి నొక్కి, ఒక పగలూ రాత్రీ అలాగే కూర్చున్నాడు. మోకాలు చాపడానికి లేకుండా బిగిసిపోయింది. వలలు కోసి సముద్రంలో పడేశారు, బరువు తగ్గాలని. గురుమూర్తి దిగి వెనక్కి వెళ్ళి ఆ సందులో వేలు పెట్టాడు. వేలితోపాటు తెల్లటి ముద్ద ఊడొచ్చింది. అయ్య వెళ్ళి అతని ముందు నిలబడి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. గురుమూర్తి కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "మా నాన పడవ కూడా నీ సేతిదే మేస్త్రీ. అంత నమ్మినాం నిన్ను," అని వెళ్ళిపోయాడు. అయ్యని ఆ మాట కొట్టినట్టు దెబ్బ కూడా కొట్టదు.

ఆ ఏడు మా ఇంటికి మరో పడవ రాలేదు. అయ్య నాగళ్ళకి, మంచాలకి కర్ర చెక్కి బతికించాడు, అదీ తడుముకుంటూ. మామ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. బావకి మోకాలు పూర్తిగా ఎప్పటికీ సరికాలేదు, చలికాలం పొద్దున్నే కుంటేవాడు. మా పెళ్ళి రెండేళ్ళు ఆలస్యంగా జరిగింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ రోజు గురించి ఆయన ఒక్కమాట అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగకపోవడం క్షమించడమో, భయపడటమో నాకు ఇప్పటికీ తెలియదు.

గోవిందు డబ్బాల మీద అన్నీ రాసి ఉంటాయి. ఇది నీటి పైభాగానికి, ఇది అడుక్కి, ఇన్ని చుక్కలు కలపాలి, ఇంతసేపు ఆరాలి. ఆ అక్షరాలు చదివి చెప్పమని వాడు ఎవరినీ బతిమాలక్కర్లేదు. మా రోజుల్లో మంచీచెడ్డా అంతా మేస్త్రీ పంటి కింద, ముక్కులో, వేలి చివర ఉండేది. ఆ మనిషి అబద్ధమాడితే పడవ అబద్ధమాడేది. అప్పుడే బాగుండేదని నేననను. కరెంటు పనిముట్లు, అచ్చుకాగితం అంటించిన డబ్బాలు ఉండి ఉంటే మా బావ మోకాలు బాగుండేది. కానీ తొందరపడే ఆసామి అప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. అతని ముఖం మీదే రెండ్రోజులాగమని చెప్పగలిగిన మనిషి అప్పుడు మా ఇంట్లో లేడు.

మరుసటేడు వేటకి ముందు గురుమూర్తి పడవ చూడమని మా గుమ్మంలోకి వచ్చాడు. నీలమ్మే పంపిందని తరవాత తెలిసింది. పడవ రాకముందే వచ్చి చెప్పినవాళ్ళు మళ్ళీ దాచరందట. అయ్య రానన్నాడు. నాకు చూపు లేదు, చూడాలంటే నా కూతురు పైడమ్మ చూడాలన్నాడు. వద్దందామనుకున్నాను. ఇద్దరూ నా సమాధానం కోసం ఆగారు. అయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళాను. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాను, ప్రతి సందులోనూ వేలు పెట్టాను. అడుగున రెండు పలకలు పుచ్చాయి, మార్చాలి, ఎనిమిది రోజులు పడుతుందని చెప్పాను. మిగతా పడవలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. గురుమూర్తి వాటికేసి చూశాడు, పలకలకేసి చూశాడు, అయ్యకేసి చూశాడు. అయ్య ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు. నేను మాట మార్చలేదు.

"సర్లే," అన్నాడు గురుమూర్తి చివరికి. "నువ్వు సెప్పినప్పుడే దించుదాం."

ఆ ఎనిమిది రోజులూ నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.